మోతికిచ్చిన పది దినాలు

ఉడికిన వడ్లు కళ్లంలో పోసిన పూట ఈదమ్మకు ఎవరితోనూ మాట్లాడే తీరిక ఉండదు. పొగలు కక్కే వడ్లను సిమెంటు నేల మీద పలుచగా పరిచి, పాదాలతో సాళ్లు తీస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉండాలి. కాసేపు నిలబడితే అడుగు వడ్లు చెమరుస్తాయి, బియ్యం రంగు తిరుగుతాయి, గుమస్తా దశరథం నోరు పెద్దదవుతుంది. సాగర్ కాలువ నీళ్లొచ్చాక మిర్యాలగూడలో మిల్లులు పెరిగాయి గానీ మిల్లుల్లో ఆడకూలీలను మాత్రం ఎవరూ పెంచలేదు. పదిమంది తొక్కాల్సిన కళ్లాన్ని ఆరుగురు తొక్కుతున్నారు.

మోతి ఉండబట్టే ఆ ఆరుగురితోనైనా పని నడుస్తోంది. నల్లటి ఒళ్లు, ముందు కాళ్లకు మాత్రం మేజోళ్లు తొడిగినట్టు తెలుపు. కళ్లం గట్టు మీద పడుకుని ఉంటుంది. మేక రానీ, కోడి రానీ, పంది రానీ, లేచి తరుముతుంది. తరమడానికేం, ఏ కుక్కయినా తరుముతుంది. మోతి గొప్పతనమంతా ఎంత కోపంలో ఉన్నా వడ్ల మీద కాలు పెట్టకపోవడం. మేక కళ్లం నడుమకు దిగినా ఇది గట్టు చుట్టూ ఉరికి ఎదురుగా నిలబడి మొరిగేదే గానీ లోపలికి అడుగేసేది కాదు. ఇది దానికి ఎవరూ నేర్పలేదు.

"దీనికున్న బుద్ధి మా హమాలోళ్లకు లేకపాయె" అన్నాడు దశరథం ఒకసారి. ఆ ఒక్క మాటను ఈదమ్మ ఏడాది పొడుగునా వాడంతా చెప్పుకుంది. వినీ వినీ వాడ విసుక్కుంది గానీ ఆమెకు విసుగు రాలేదు.

మధ్యాహ్నం సద్ది విప్పితే మూడో ముద్ద మోతిది. మొదటి రెండు ముద్దలు ఆమె తినేదాకా అది తల పక్కకు తిప్పుకుని, తనకసలు ఆకలే లేనట్టు రోడ్డు కేసి చూస్తూ కూర్చునేది. మూడో ముద్ద పిసికేటప్పుడు మాత్రం తోక నేలను కొట్టేది. ఏడాదికి రెండుసార్లు కుక్కలను పట్టే మునిసిపాలిటీ బండి వచ్చేది. వస్తుందని తెలిసిన రోజున దాన్ని గుడిసెలో కట్టేసి, తలుపు బిగించి మిల్లుకు వచ్చేది ఈదమ్మ. ఆ రోజు పాదాలు కళ్లంలో, ప్రాణం గుడిసెలో. ఒంటరి మనిషికి సంతోషమైనా, పరేషానైనా ఆ కుక్కతోనే.

ఆ మంగళవారం ఎండ నడినెత్తికి వచ్చాక మోతి ఊక కుప్ప నీడలో నిద్రపోయింది. మిల్లు సేటు రాంచందర్ కూతురు హైమావతి ఇంట్లోంచి వచ్చింది. ఇల్లు మిల్లు ఆవరణలోనే. ఆరేళ్ల పిల్ల. మోతితో ఆడటం ఆమెకు కొత్త కాదు, చెవులు పట్టి లాగినా ఊరుకునేది. కానీ ఆ రోజు దాని నిద్ర చూసి ముచ్చటేసి, చీపురు పుల్ల తెచ్చి చెవిలో దూర్చింది. మోతి ఉలిక్కిపడి లేచి, పుల్ల ఉన్న చేతిని పట్టేసి, వెంటనే వదిలేసింది. తానేం చేసిందో దానికీ తెలిసినట్టుంది, అక్కడే చెవులు వాల్చి నిలబడిపోయింది.

మణికట్టు మీద రెండు పళ్ల గాట్లు, నాలుగు రక్తపు చుక్కలు. అంతే. కానీ పిల్ల పెట్టిన కేకకు మిల్లంతా కదిలింది. పెద్ద హమాలి కిష్ట్యా గడ్డపార అందుకున్నాడు. ఈదమ్మ కళ్లంలోంచి అడ్డదిడ్డంగా ఉరికొచ్చి మోతి మీద బోర్లా పడింది.

"లేవే ఈదీ, పిచ్చి లేసిందేమో దానికి!"

"పిచ్చి లేదన్నా, నిద్రల ఉండె. నీ కాల్మొక్త, కొట్టకు."

సేటు పిల్లను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి ఉరికాడు. గంట తర్వాత డాక్టరును వెంటబెట్టుకునే వచ్చాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, మాటలో తొందరపాటు లేదు. ఊక కుప్ప పక్కన తాడుతో కట్టేసి ఉన్న మోతిని కాసేపు దూరం నుంచి చూశాడు.

"ఎవరూ దీన్ని కొట్టకండి. ఇది బతికుండటమే ఇప్పుడు పాపకి మందు. గట్టి గొలుసు వేసి పదిరోజులు చూడండి. అన్నం తిని, నీళ్లు తాగి, మామూలుగా ఉందంటే పాపకి ఏ భయమూ లేదు. ఈలోగా ఇది చచ్చినా, తప్పించుకుపోయినా మాత్రం బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడవాల్సిందే. దగ్గరికెళ్లి ముట్టుకోకండి. తిండి దూరం నుంచి తోయండి."

పద్నాలుగు అనగానే సేటు భుజం మీద వెక్కుతున్న బిడ్డ పొట్టను అరచేత్తో కప్పుకున్నాడు. పాపం, తండ్రి.

అట్లా మోతి దశ తిరిగింది. లారీకి వాడే ఇనుప గొలుసు మెడకు పడింది. ఊక గోదాము పక్కనున్న రేకుల పంచ దాని ఇల్లయింది. సేటు ఇంటి నుంచి ఇత్తడి గిన్నెలో పాలన్నం వచ్చింది. దశరథం వెదురు కర్రతో గిన్నెను ముందుకు తోశాడు. మోతి వాసన కూడా చూడలేదు. సాయంత్రం దాకా ఈగలు తిన్నాయి ఆ పాలన్నాన్ని.

సేటు ఇంట్లో పొయ్యి వెలగలేదు. కుక్క తినలేదంటే పిచ్చి మొదలైందనేగా. సేటు తల్లి కస్తూరమ్మ, కుక్క నీడ పడ్డా కాళ్లు కడుక్కునే మనిషి, చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని తానే రేకుల పంచ దాకా వచ్చింది. కళ్లం కేసి తిరిగి పిలిచింది.

"ఏమే ఈదమ్మా, నువ్వు పెడితే తింటదేమో జర సూడే."

ఈదమ్మ పాదాలకంటిన వడ్లు దులుపుకుని వచ్చింది. గొలుసు అందని చోట కూర్చుంది. పాలన్నం పక్కన పెట్టి తన సద్ది మూట విప్పింది. ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద తిన్నది. మోతి తల పక్కకు తిప్పుకుంది. మూడో ముద్ద పిసికి నేల మీద ముందుకు దొర్లించింది. తోక నేలను కొట్టింది. ముద్ద మాయమైంది. ఆ వెనకే పాలన్నమూ మాయమైంది.

"తిన్నది! నానమ్మా, మోతి తిన్నది!" గుమ్మంలోంచి హైమావతి చప్పట్లు కొట్టబోయి, చేతి కట్టు నొప్పి పుట్టి ఆగిపోయింది.

దశరథం గోదాము తలుపు మీద సుద్దతో ఒక గీత గీశాడు. బస్తాలు లారీకి ఎక్కేటప్పుడు గీసే గీతల్లాగే, నాలుగు నిలువు, ఐదోది అడ్డం. ఇట్లాంటి కట్టలు రెండు కావాలి. ఈదమ్మకు అక్షరం రాదు గానీ ఈ గీతల లెక్క బాగా వచ్చు.

ఆ రోజు మొదలు పొద్దునా సాయంత్రం ఈదమ్మ పేరు సేటు ఇంట్లో మోగిపోయింది. ఈదమ్మ వచ్చిందా, ఈదమ్మ పెట్టిందా, ఈదమ్మను అడుగుండ్రి. కస్తూరమ్మ ఆమెకు చల్ల పంపింది, మామిడికాయ తొక్కు పంపింది. రాంచందర్ సేటు, ఇన్నేళ్లలో ఆమె మొహం కేసి సరిగ్గా చూసి ఎరుగడు, పొద్దున్నే బనీను మీద బయటికొచ్చి, "ఎట్లున్నదే ఈదీ, నీళ్లు తాగిందా?" అని అడుగుతున్నాడు. "తాగింది సేటూ, చెంబెడు తాగింది" అని చెప్తుంటే ఈదమ్మకు గర్వంగా ఉండేది. ఉండదా మరి! అటు కళ్లంలోకి మేకలు యథేచ్ఛగా వస్తున్నాయి. తోటి ఆడవాళ్లు ఒక చేత్తో చీర, ఒక చేత్తో కర్ర పట్టుకుని వాటి వెంట ఉరుకుతూ సణుగుతున్నారు.

నాలుగో గీత గీసిన రోజు నేరేడుచర్ల నుంచి వడ్ల బండి తోలుకుని సైదులు వచ్చాడు. ఈదమ్మ చెల్లెలు రుక్కమ్మ పెనిమిటి. బస్తాలు దింపించి, ఎద్దులకు నీళ్లు పెట్టి, రేకుల పంచ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు మోతిని చూశాడు.

"వదినా, ఒక మాట జెప్త, వింటవా?"

"చెప్పు."

"ఈళ్లు దీన్ని పదకొండో దినం ఉంచరు. బిడ్డను కరిసిన కుక్కను వాకిట్ల ఎవడుంచుకుంటడు? ఇయ్యాల నా బండి ఖాళీగ పోతది. గొలుసు తీసి గోనెల పండవెడ్త. పొద్దుగూకేసరికి మా ఇంట్ల ఉంటది. ఆడ ఎవడడుగుతడు?"

ఆ మాట నాలుగు రోజులుగా ఈదమ్మ మనసులోనూ ఉంది, బయటికి రానివ్వలేదంతే. గొలుసు కొక్కెం వైపు చూసింది. రెండు వేళ్లతో తీయొచ్చు. దశరథం లోపల తూకం దగ్గర ఉన్నాడు. హమాలీలు బీడీలు కాలుస్తున్నారు. చూసేవాళ్లెవరూ లేరు.

అప్పుడే హైమావతి గుమ్మంలోకి వచ్చింది. గౌను జేబులోంచి సగం కొరికిన బిస్కెట్టు తీసి, దగ్గరికి రావద్దన్నారు కాబట్టి అక్కడి నుంచే విసిరింది. బిస్కెట్టు సగం దూరంలో పడిపోయింది. "ఈదమ్మా, అది జర మోతికియ్యవా? నా మీద కోపం పోయిందేమో అడుగు" అంది.

ఈదమ్మ ఆ బిస్కెట్టు తీసి మోతికి తోసింది. ఆ పిల్ల బొడ్డు ఎంత ఉంటుంది? పావలా బిళ్లంత. దాని చుట్టూ పద్నాలుగు.

"వద్దు సైదులూ," అంది. "పసిదానికి సూదులు వడ్తయి. పది దినాలు కానియ్. సేటు తల్లినే అడుగుత."

"నీ ఇష్టం వదినా. మళ్ల ఏడ్వకు."

సాయంత్రం చల్ల గ్లాసు తిరిగిచ్చేటప్పుడు గుమ్మం బయట నిలబడి అడిగింది. "అమ్మా, పది దినాలైనంక నా కుక్కను నాకిస్తరా?"

"ఇయ్యక మేమేం జేసుకుంటమే దాన్ని?" కస్తూరమ్మ నవ్వింది. "నీ కుక్క నువ్వు దీస్కపో. మా పిల్ల సల్లగుంటే సాలు." ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అన్నది. అందులో అబద్ధమేం లేదు.

ఈదమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంక రోజులు తొందరగా గడిస్తే బాగుండు అనుకుంది.

కానీ మోతి ఒళ్లు రోజురోజుకూ తగ్గుతోంది. తిండికి లోటు లేదు, కాళ్లకు పని లేదు. మేక కనిపిస్తే లేచి ఉరకబోయి, గొలుసు గుంజగానే వెనక్కి పడేది. ఆ గుంజులాటకు మెడ చుట్టూ చర్మం లేచింది. ఎనిమిదో రోజుకు పుండయింది, ఈగలు ముసురుతున్నాయి. గొలుసు తీసి తాడు కట్టమని ఈదమ్మ దశరథాన్ని బతిమాలింది. "తాడు కొరుక్కొని పాయిందనుకో, పిల్లకు సూదులు, నా నౌకరీ ఖతం" అన్నాడతను. అదీ నిజమే.

ఆ సాయంత్రం కళ్లం ఎత్తేశాక, అందరూ కాళ్లు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయినప్పుడు, ఈదమ్మ ఆముదంలో పసుపు కలుపుకుని వచ్చింది. ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన మాట గుర్తుంది. గుర్తుంటే మాత్రం, ఆ పుండును చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. పక్కన కూర్చుని, మెడ కింద చెయ్యి పెట్టి, గొలుసును మెల్లగా పైకి లేపింది. ఎనిమిది రోజుల తర్వాత ఆమె చెయ్యి తగిలేసరికి మోతి కుయ్యి కుయ్యిమంటూ తల ఆమె ఒడిలో పెట్టింది. రెండో చేత్తో పుండు మీద పసుపు అద్దింది. చురుక్కుమన్నట్టుంది. మోతి చటుక్కున తిరిగి ఆమె బొటనవేలి మొదట్లో పన్ను దించింది. దించి, వెంటనే అక్కడే నాకడం మొదలుపెట్టింది.

"ఏం గాలె బిడ్డా, ఏం గాలె" అంది ఈదమ్మ. నెత్తురు కారుతుంటే మిగిలిన పసుపంతా తన వేలి గాటు మీదే అదుముకుంది. చీర అంచు చించి కట్టింది. చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు.

చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇంకొకరిని కరిచిందంటే పిచ్చి అనే అంటారు. పిల్లకు సూదులు మొదలుపెడతారు, మోతి తల పగలగొడతారు. ఇంత దాకా వచ్చి రెండు రోజుల కోసం అంతా పాడు చేసుకుంటుందా! తనకు భయమంటారా, ఇసుమంత కూడా లేదు. మోతికి పిచ్చి లేదని డాక్టరు పది రోజులకు తెలుసుకుంటాడేమో గానీ ఆమెకు మొదటి రోజే తెలుసు. చేతికేమైందని తోటి ఆడవాళ్లు అడిగితే రేకు గీసుకుందని చెప్పింది.

పదో రోజు డాక్టరు వచ్చాడు. మోతి లేచి నిలబడి, ఒళ్లు విరుచుకుని, చెంబెడు నీళ్లు గటగటా తాగింది. ఆయన నవ్వాడు. "దీనికున్నంత ఆరోగ్యం నాకు లేదండీ. పాపకి ఇంక ఏ సూదీ అక్కర్లేదు" అన్నాడు. సేటు కళ్లు తుడుచుకుని కూతుర్ని ముద్దు పెట్టుకున్నాడు. దశరథం రెండో కట్ట మీద అడ్డగీత గీశాడు.

"ఇగ దీస్కపోదునా అయ్యా?" అడిగింది ఈదమ్మ.

"ఇయ్యాల దినం పూర్తి గానియ్యే. రేపు పొద్దున సేటుకు జెప్పి తీస్కపో." దశరథం సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

మరునాడు ఈదమ్మ మెత్తటి నూలు తాడు పేనుకుని వచ్చింది, పుండు మీద రాసుకోకుండా ఉండేట్టు. మిల్లు గేటు దాటి, ఊక గోదాము మలుపు తిరిగింది. రేకుల పంచలో గొలుసు నేల మీద ఉంది. ఇత్తడి గిన్నె బోర్లించి ఉంది. నేలంతా గోళ్ల గీరలు.

దశరథం బస్తాల మీద వంగి ఏదో వెతుకుతున్నాడు. అక్కడ వెతకడానికేమీ లేదు.

"అయ్యా, మోతేది?"

అతను ఇంకో బస్తా మీదికి వంగాడు. ఆమె సేటు ఇంటి గుమ్మం దగ్గరికి నడిచింది. లోపల నేతి వాసన. పిల్లకు గండం గడిచిందని కస్తూరమ్మ శనగపప్పు, బెల్లంతో బచ్చాలు చేయించింది. ఆకులో రెండు పెట్టుకుని ఎదురొచ్చింది.

"తీస్కోవే ఈదమ్మా. నీ పుణ్యమే ఇదంత."

"నా కుక్కేదమ్మా?"

కస్తూరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమెకు తెలియదు. తెలియదని మొహంలోనే కనిపించింది. "రాంచందరూ!" అని కేకేసింది. సేటు టవలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఇద్దరినీ చూశాడు.

"పొద్దుగాల మునిసిపాలిటోళ్లు వచ్చిన్రు, పట్టిచ్చిన. బండి దగ్గర్నే కొట్టి సంపిన్రు" అన్నాడు. గొంతులో కోపం లేదు, కొంచెం సిగ్గే ఉంది. "కరిసిన కుక్కనే ఈదీ. పిల్లలు తిరిగే జాగ. పదిదినాలు ఎట్ల గడిచినయో నాకు తెలుసు. ఇంకోటి సాదుకో, కుక్కలకేం తక్కువున్నయా?"

"ఈదమ్మకు నేను మాటిచ్చిన గదరా!" అంది తల్లి.

"నువ్విచ్చినవు. పిల్ల నాది."

కస్తూరమ్మ ఆకును ఈదమ్మ చేతిలో పెట్టింది. పసుపు కట్టు ఉన్న చేతిలోనే పెట్టింది. ఏమైందని అడగలేదు. సైదులు బండి, గొలుసు కొక్కెం, తన రెండు వేళ్లు, అన్నీ ఒక్కసారి ఈదమ్మ కళ్ల ముందు తిరిగాయి. తానే ఆపింది. మూడో ముద్ద ఆశపెట్టి పది రోజులు తానే దాన్ని అక్కడ నిలబెట్టింది.

ఆ రోజు వడ్లు తొక్కింది. పని మానేస్తే ఇంటికి పోవాలి. ఇంట్లో ఏముందని పోతుంది? మధ్యాహ్నం సద్ది విప్పి రెండు ముద్దలు తిని, మూడోది పిసికి, చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంది. బచ్చాలు ఎవరికో ఇచ్చేసింది.

ఏడ్చీ ఏడ్చీ సాయంత్రం నల్లా కింద దోసిలి పట్టి నీళ్లు తాగబోతే గొంతులో అడ్డం పడ్డాయి. పొలమారింది. దగ్గుతూ నిలబడినప్పుడు ఆమెకు మొదటిసారి భయమేసింది. కుక్క కరిచిన మనిషికి నీళ్లు దిగవంటారు. బొటనవేలు చూసుకుంది. గాటు మానలేదు, చుట్టూ ఎర్రగా ఉంది. మోతి కళ్ల ముందు ఉన్నంతసేపు ఈ ఆలోచనే రాలేదు. అది తోక ఆడిస్తే చాలు, తనకేం కాదని తెలిసిపోయేది. ఇప్పుడు దేన్ని చూసి తెలుసుకోవాలి? తన మోతి మీద తనకే అనుమానం వచ్చినందుకు ఆమెకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మళ్లీ దోసిలి పట్టింది. నీళ్లు దిగాయి. కానీ భయం పోలేదు.

మరునాడు దశరథం దగ్గరికి వెళ్లి కట్టు విప్పి చూపించింది. అతను చూసి వెనక్కి జరిగాడు.

"ఎప్పుడు?"

"ఎనిమిదో గీత నాడు. పసుపు పెడుతుంటె."

"అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అని, తనకే జవాబు తెలిసి, గొంతు తగ్గించాడు. "అయినా ఏం పరేషాన్ గాకు. పది దినాలు మంచిగనే ఉండె గద కుక్క. డాక్టరే చెప్పిండు."

"ఆ పది దినాలు పాప లెక్కయి అయ్యా," అంది ఈదమ్మ. "నన్ను కరిసినంక నాయి రెండే అయినయ్. ఇంక ఎనిమిది ఉండె."

దశరథం గోదాము తలుపు కేసి చూశాడు. గొడుగు తీసుకుని ఆమెను డాక్టరు దగ్గరికి నడిపించాడు.

అక్కడ జనం ఉన్నారు. వాళ్ల వంతు వచ్చేసరికి ఎండ ముదిరింది. డాక్టరు బల్ల మీదికి వంగి అంతకుముందు మనిషి చీటీ రాస్తూనే ఆమె చెయ్యి పట్టి చూశాడు.

"కుక్కకాటు. మీ కుక్కేనా? మరేం ఫర్వాలేదు, కట్టేసి పదిరోజులు చూడండి. అది బాగుంటే..."

"లేదు సారూ. సంపిన్రు."

"అరెరె. పిచ్చి లక్షణాలేమైనా కనిపించాయా?"

"లేవు సారూ. మంచిగ తిన్నది. మంచిగ నీళ్లు తాగింది."

"మరి ఎందుకు చంపారమ్మా?"

దశరథం గొడుగు చేతులు మార్చుకున్నాడు.

"పది దినాలు అయిపోయినయని, సారూ."

డాక్టరు అప్పుడు తల ఎత్తాడు. ఆమెను చూశాడు, వెనక నిలబడ్డ దశరథాన్ని చూసి గుర్తుపట్టాడు. చీటీ మీద పద్నాలుగు అని రాసి కాంపౌండరుకు ఇచ్చాడు. లోపలి గదిలో బల్ల ఉంది. ఈదమ్మ దాని మీద పడుకుని పొట్ట మీది కొంగు తీసేసింది.